అడుగు పెచ్చు

హంతకుడెవరో సరిగ్గా చెప్పినవాళ్ళకే అడుగు పెచ్చు. ఆ నియమం పెట్టింది మా ఆవిడ లీలావతి.

మా ఇద్దరికీ డిటెక్టివ్ నవలల పిచ్చి ఉండేది. తుపాకులూ రక్తం మడుగులూ ఉన్నవి ఆవిడకి పడేవి కావు. ఎక్కడో మంచు కురిసే చిన్న ఊళ్ళో కేకుల దుకాణం నడుపుకునే ఒక ఆడమనిషి ఉంటుంది. ఆ ఊళ్ళో ఎవరో ఒకరు చచ్చిపోతారు. పోలీసులకి అంతుపట్టని సంగతి ఈవిడ పిండి కలుపుకుంటూ కనిపెట్టేస్తుంది. హంతకుణ్ణి పట్టుకుపోయాక, పుస్తకం చివరి పేజీల్లో, ఆవిడ దుకాణంలో అమ్మే కేకు ఎలా చెయ్యాలో రాసి ఉంటుంది. ఇంగ్లీషులో ఇలాంటివి బోలెడు. రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా పాత పుస్తకాల కొట్లో ఏరుకొచ్చేవాణ్ణి. ఇంగ్లీషు చూస్తూ నేను తెలుగులో చెప్పుకుపోతుంటే లీల కుంపటి ముందు కూర్చుని వినేది.

మా ఇంట్లో ఓవెన్ లేదు. లీల కుంపటి మీద మూకుడు పెట్టి, అందులో ఇసుక పోసి, ఇసుక మీద ఇత్తడి గిన్నె కూర్చోబెట్టి, మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు పరిచేది. మా వైపు దిబ్బరొట్టె కాల్చే పద్ధతే. పుస్తకంలో అక్రోట్లు అని ఉంటే ముదురు కొబ్బరి కోరు, వెనీలా అని ఉంటే యాలకులు, రంగు పంచదార అని ఉంటే బెల్లం. ఏ కథకి ఏ రుచి జత చెయ్యాలన్నది మాత్రం పుస్తకం మాట వినేది కాదు, తనే తేల్చేది. నీళ్ళలో తోసేసిన కథకి కొబ్బరి. విషం పెట్టిన కథకి అల్లం. "అల్లం దట్టిస్తే విషం వాసన తెలిసేది కాదండీ. వాడు దొరికిపోయింది వంట రాకే" అనేది. వీలునామా కోసం చంపుకున్న కథకి మాత్రం ఏమీ వెయ్యని చప్పిడి కేకు. ఆ వెధవలకి జీడిపప్పు దండగట.

గిన్నె దించేదాకా చివరి అధ్యాయం తెరవకూడదు. మూత తీసేముందు అందరూ ఎవరు చంపారో చెప్పెయ్యాలి. సరిగ్గా చెప్పినవాళ్ళకి అడుగున ఎర్రగా కాలి కరకరలాడే పెచ్చు మొత్తం. తప్పు చెప్పినవాళ్ళు మధ్యలో మెత్తని ముక్క తిని ఊరుకోవాలి.

మొదట్లో అందరూ అంటే మేమిద్దరమే. కాలువ గట్టు వీధిలో మా పక్కిల్లు రమణమ్మగారిది. రెండు పెరళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ, ఓ చివర మనిషి దాటేంత గండి. ఒకరోజు నేను చివరి అధ్యాయం తెరవబోతుంటే గోడ అవతల నుంచి గొంతు వినిపించింది.

"ఆ పాలు పోసేవాడేనండీ! కుక్క అరవలేదన్నారు కదా, రోజూ వచ్చేవాడికి ఎందుకరుస్తుందండీ?"

తెరిచి చూస్తే పాలు పోసేవాడే. లీల పకపకా నవ్వి పెచ్చు మొత్తం గోడ మీంచి అందించింది. ఆ తరవాత రమణమ్మగారు గోడ దాటి వచ్చేసేరు. ఆవిడకి చూపు బాగా తగ్గిపోయి చాలాకాలమైంది. చదువు కూడా పెద్దగా లేదు. కానీ కథ విన్నంతసేపూ విస్తరి కుడుతున్నట్టు ఒక్కొక్క ఆకూ పట్టి చూసేవారు. పెచ్చు దాదాపు ఎప్పుడూ ఆవిడకే. ఆవిడ నన్ను తమ్ముడూ అనేవారు. లీలకి ఆడపడుచు పెత్తనం కూడా చేసేవారు.

మూడేళ్ళ క్రితం లీల అమలాపురం ఆసుపత్రిలో ఉండగా ఒక మధ్యాహ్నం బంధువులు నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. బాగానే ఉంది, ముందు మీరు ఇంత తాగండి అంటున్నారు. ఎవరూ నా మొహం చూడటం లేదు. రమణమ్మగారు తడుముకుంటూ వచ్చి నా చేతిలో గ్లాసు తీసి కింద పెట్టేరు.

"తమ్ముడూ, లీల పోయింది. లోపలికెళ్ళు. చెయ్యింకా వెచ్చగానే ఉంది."

వెళ్ళాను. వెచ్చగానే ఉంది. ఆ కాస్త వెచ్చదనం నాకు దక్కింది ఆవిడ వల్లనే. మిగతావాళ్ళ మాట విని కాఫీ పూర్తిచేసి ఉంటే అదీ దక్కేది కాదు.

కర్మకాండలన్నీ అయ్యి, చుట్టాలు వెళ్ళిపోయిన తరవాత, ఒక సాయంత్రం ఆవిడే మా కుంపటి తీయించి ఇసుక జల్లించేరు. "పుస్తకం తియ్యి" అన్నారు. నేను చదువుతూ పిండి కలపడం, ఆవిడ నిప్పులు ఎగదోస్తూ తిట్టడం అలా మొదలైంది. నా మొదటి కేకు ఇటుక. "లీల చూస్తే ఇంకోసారి పోయేది" అన్నారు. ఆ మాటకి నవ్వొచ్చింది నాకు. లీల పోయాక నవ్వడం అదే మొదలు.

*

రమణమ్మగారి కూతురు సత్యప్రియ కువైట్లో ఒకరింట్లో పనికి వెళ్ళింది. మేనమామ కొడుకు దుర్గారావునే చేసుకుంది. వాళ్ళకి పిల్లలు లేరు. దుర్గారావు అత్తగారింట్లోనే ఉంటూ ఎండుకొబ్బరి కొట్లో పని చేస్తాడు. మా కుంపట్లోకి చిప్పలు అతని చలవే. తాటాకిల్లు పీకి స్లాబు వెయ్యడానికి సత్య వెళ్ళింది. స్లాబు పడింది. ఒకసారి వచ్చి, గృహప్రవేశం చేసుకుని, మళ్ళీ వెళ్ళింది.

మొన్న శ్రావణంలో ఒక పొద్దున్న దుర్గారావు చిప్పల బస్తా భుజాన వేసుకుని మా పెరట్లోకి వచ్చాడు. ముందు రోజే ఒక బస్తా తెచ్చాడు. మళ్ళీ ఎందుకయ్యా అనబోయాను. బస్తా దించకుండానే నిలబడిపోయాడు.

"బాబాయిగారూ, సత్య పోయిందండి."

"పోవడమేంటి?"

"వాళ్ళ పక్క ఫ్లాట్లో పనిచేసే రాజోలామె ఫోన్ చేసిందండి. నిద్దట్లో గుండాగిపోయిందని ఇంటోళ్ళు చెప్తున్నారంట. ఆమేమో మెట్ల మీంచి పడిందని విన్నానంటంది. ఏది నిజమో..." అని గోడ వైపు చూసి గొంతు తగ్గించాడు. "అత్త చూస్తదని బస్తా పట్టుకొచ్చేనండి. ఉత్తినే వస్తే ఏంటీ అని అడుగుద్ది."

చూపు లేని మనిషి ఏం చూస్తుందని నేను అనలేదు. అడుగుల చప్పుడుని బట్టి బరువు మోస్తున్నాడో లేదో ఆవిడ చెప్పగలరని ఇద్దరికీ తెలుసు.

శవం రావడానికి అక్కడి కాగితాలు, పోలీసు కాగితాలు, ఎంబసీ కాగితాలు కావాలన్నారు. వారమో, నెలో ఎవరికీ తెలియదు. రమణమ్మగారికి నిరుడే గుండెకి స్టెంటు వేశారు. ఎదురింటి సూర్యావతిగారు మా వీధికి పెద్దదిక్కు. ఆవిడ అందరినీ తన సావిట్లోకి పిలిచి మాట తీసుకుంది.

"బాడీ వచ్చేదాకా ఆవిడ చెవిన పడకూడదు. ఇప్పుడు చెప్తే రెండో శవాన్ని కూడా మనమే మొయ్యాలి. ఫోన్లు ఆవిడ ఎదురుగా ఎత్తకండి. టీవీ పెద్దగా పెట్టకండి. మూర్తిగారూ, సాయంత్రాలు మీవండి. ఆవిడ ధ్యాస పుస్తకం మీద ఉండేలా చూడండి."

"ఆయ్" అన్నాను. అంతమంది ముందు ఇంకేం అనాలో తోచలేదు.

కొత్త పుస్తకం మొదలుపెట్టాను. సరస్సులో ఒక షావుకారు శవం తేలుతుంది. రమణమ్మగారు యథాప్రకారం కుంపటి ముందు పీట వేసుకుని కూర్చున్నారు.

"నీళ్ళ చావా? అయితే కొబ్బరే" అన్నారు. తరవాత, "సత్య ఫోన్ చెయ్యటం లేదు తమ్ముడూ" అన్నారు.

దుర్గారావు అత్తతో చెప్పిన అబద్ధమే నేనూ చెప్పాను. యజమానులు ఎడారిలో గుడారాల్లో ఉండటానికి వెళ్ళేరు, పనివాళ్ళని కూడా తీసుకెళ్ళేరు, అక్కడ సిగ్నల్ ఉండదు.

"ఈ ఎండల్లోనా?" అన్నారావిడ.

నేను పేజీ తిప్పాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడగనందుకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. తప్పించుకున్నాననే అనుకున్నాను.

ఆ రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ముట్టించడానికి దుర్గారావుకి చేతులు రాలేదు. సిలిండర్ అయిపోయింది, బుక్ చేశాను, రావటం లేదు అని అత్తకి చెప్పాడు. వీధిలోవాళ్ళు వంతులవారీగా క్యారేజీలు పంపించారు. సూర్యావతిగారింటి నుంచి పప్పు, వీధి చివర బాబ్జీ వాళ్ళింటి నుంచి వంకాయ, ఆ పక్కింటి నుంచి చారు. ఎవరూ ఒక్క మాట తూలలేదు. పలకరింపులు, నవ్వులు అన్నీ మామూలుగానే ఉన్నాయి. మా వీధి ఇంత గుట్టుగా ఉండగలదని నేనెప్పుడూ అనుకోలేదు.

కథ చివరికి వచ్చింది. సాయంత్రం గిన్నె దించాను. కొబ్బరి వాసన పెరడంతా కమ్ముకుంది.

"చెప్పండి అక్కయ్యగారూ. ఎవరు?"

ఆవిడ కాసేపు ఆలోచించినట్టు కూర్చుని, "పోస్టుమాను" అన్నారు.

చివరి అధ్యాయం చదివాను. షావుకారు తోడబుట్టిన చెల్లెలు. పోస్టుమాన్‌కి దానితో ఏ సంబంధమూ లేదు. ఇన్నేళ్ళలో ఆవిడ అంత దూరం తప్పడం ఎప్పుడూ చూడలేదు. పాపం, లోపల ఏదో కీడు శంకిస్తోంది, కథ బుర్రకెక్కలేదు అనుకున్నాను. గిన్నె బోర్లించి పెచ్చు ఊడదీసి, ఆకులో పెట్టి ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ వేళ్ళతో దాన్ని అంచు నుంచి అంచుదాకా తడిమేరు. తినలేదు. "రేపు తింటాన్లే" అని కొంగులో కట్టుకుని వెళ్ళిపోయేరు.

*

మర్నాడు దుర్గారావు కాగితాల కోసం రాజోలు ఏజెంటు దగ్గరికి వెళ్ళాడు. మధ్యాహ్నం నేను భోజనానికి కూర్చున్నాను. అమలాపురం వరండాలో నా చేతిలోంచి గ్లాసు తీసిన ఆ చెయ్యే కళ్ళకి కట్టింది. ఆవిడ గుండె ఆగితే? ఆ పాపం నాది. ఆగకపోతే, శవం గుమ్మంలోకి వచ్చిన రోజున, ఇన్నాళ్ళూ ఇదంతా తెలిసే నాకు కథలు చదివావా తమ్ముడూ అని అడిగితే? ఏదీ తేలక, ఆవిడ గుండె మాత్రలు మా ఇంట్లో ఒక అట్ట ఉంటే చొక్కా జేబులో పెట్టుకుని, పుస్తకం లేకుండా గోడ దాటాను. ఇన్నేళ్ళలో అటు నుంచి ఇటు ఆవిడ రావడమే కానీ, నేను గోడ దాటి వెళ్ళడం అదే మొదలు.

అరుగు మీద కూర్చుని ఉన్నారు. పక్కన కొంగుముడి విప్పి ఉంది. పెచ్చు ముట్టుకోలేదు.

"పుస్తకం తేలేదు" అన్నారు. నా చేతిలో పుస్తకం ఉంటే కాగితాల చప్పుడు వినపడుతుంది ఆవిడకి.

"తేలేదండి."

"కూర్చో." కూర్చున్నాను. "నిన్న నేను పోస్టుమాను అన్నాను."

"అన్నారండి."

"ఆ పోస్టుమాను చావు జరిగిన నాడు ఊళ్ళోనే లేడు. మూడో రోజు నువ్వే చదివేవు. చెల్లెలని నాకు రెండో రోజే తెలుసు తమ్ముడూ. కావాలనే తప్పు చెప్పేను."

నేను కొంగుముడిలో పెచ్చు వైపు చూశాను.

"లీల పోయిన నెలలో నేను ఒకసారి తప్పు చెప్పేను. గుర్తుందా? కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ కూడా నువ్వు నాకు మెత్తని ముక్కే పెట్టేవు. నియమం నియమమే అక్కయ్యగారూ, మీ మరదలు పెట్టింది అన్నావు. నిన్న ఊరికే పెచ్చు పెట్టేవు."

గట్టు మీద ఎవరో సైకిల్ మీద వెళ్తూ పలకరించారు. ఆవిడే బదులిచ్చేరు, మామూలుగా. అతను దూరమయ్యాక మళ్ళీ మొదలుపెట్టేరు.

"సూర్యావతి పప్పు తెచ్చింది. తాలింపు లేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను. బాబ్జీ పెళ్ళాం వంకాయ తెచ్చింది. దాన్లోనూ లేదు. చారులోనూ లేదు. మూడిళ్ళ వాళ్ళు ఒకేసారి మర్చిపోతారా?"

చావు జరిగిన ఇంట్లో శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు. వీధిలోవాళ్ళు వండి పంపిస్తారు. అలా పంపే కూరల్లో తాలింపు వెయ్యరు. ఇది ఒకరు చెబితే చేసేది కాదు. నోళ్ళు అంత జాగ్రత్తగా కట్టేసుకున్న ఆడవాళ్ళు, పోపులడబ్బా దగ్గరికి వెళ్ళిన చేతిని మాత్రం తెలియకుండానే వెనక్కి లాక్కున్నారు. మగవాళ్ళం మేం రోజూ ఆ క్యారేజీలు మోసుకొచ్చి ఇచ్చాం.

"తెలిసి కూడా అడగలేదేమండి?"

"ఎవరూ అనలేదు కదా. అననంతసేపూ ఎడారిలో సిగ్నల్ లేదనే అనుకోవచ్చు." ఆవిడ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నారు. "ఇంక నా వల్ల కాదు. చెప్పు. నేను నీకు చెప్పలేదూ?"

"సత్య పోయిందండి అక్కయ్యగారూ" అన్నాను.

ఆవిడ ఏడవలేదు. పట్టు మాత్రం బిగిసింది. ఆ వేళ్ళలో అంత బలం ఉందని నేననుకోలేదు. చాలాసేపటికి, "జేబులో మాత్రలు గలగలమంటున్నాయి. ఒకటియ్యి" అన్నారు. ఇచ్చాను. నీళ్ళు లేకుండానే మింగేరు.

"ఎలా?"

విన్నది విన్నట్టు చెప్పాను. గుండె అని ఒకరు, మెట్లని ఒకరు.

"ఎవరు చేసేరు?"

"ఎవరైనా చేసేరో లేదో కూడా తెలీదండి. కాగితంలో గుండె అనే రాస్తారట. అంతకన్నా తెలిసే దారి లేదట."

ఆవిడ తల అడ్డంగా ఊపేరు. "కుదరదు. చివరి అధ్యాయం లేకుండా పుస్తకం ఉంటుందా? అయితే నేనే చెప్తాను. నేను తప్పు చెప్పను కదా. పోయినసారి వచ్చినప్పుడు అది వెళ్ళనంది. అమ్మా, నడుం నొప్పి, అక్కడ పడుకోనివ్వరు, ఇక్కడే ఏదో కూలి చేసుకుంటాను అంది. ఇంకొక్క రెండేళ్ళే, పై గది కూడా వేసేస్తే అద్దెకిచ్చుకోవచ్చు అన్నాను. ఈ నోటితోనే అన్నాను. పాపిష్టి నోరు."

"కాదత్తా."

దుర్గారావు. రాజోలు నుంచి ఎప్పుడు వచ్చాడో, గుమ్మం పక్కన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అత్తకి చప్పుడు వినపడకూడదని ఇన్ని రోజులూ అలాగే వస్తున్నాడు.

"నువ్వన్నావు. నేను వద్దనలేదు. బస్సెక్కించింది నేను. బస్సులోంచి దిగిపోతానంటే తలుపు దగ్గర నిలబడింది నేను. నువ్వు కాదు."

"నువ్వూరుకోరా. నీకేం తెలుసు."

"నాకే తెలుసు. నీకు కళ్ళు లేవు, అది ఏడుస్తుంటే నువ్వు చూడలేదు. నేను చూసేను."

"కళ్ళు లేకపోతే ఏడుపు వినపడదేంట్రా?"

పుస్తకాల్లో నేరం నాది కాదంటే నాది కాదంటారు. ఎన్నో చదివాను, అన్నిట్లోనూ అంతే. ఆ అరుగు మీద వాళ్ళిద్దరూ నాదంటే నాదని గొంతులు పోయేలా అరుచుకున్నారు. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. సూర్యావతిగారు పరుగెత్తుకొచ్చి నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. ఏమీ అనకుండా రమణమ్మగారి పక్కన చతికిలబడి భుజం చుట్టూ చెయ్యి వేసింది. అప్పుడు ఏడ్చేరు రమణమ్మగారు. వీధంతా ఏడ్చింది. ఇన్నాళ్ళూ అందరి గొంతుల్లోనూ అది అలాగే ఉండిపోయింది.

*

తరవాత ఇంకో వారానికి కాగితాలు వచ్చాయి. పెట్టె హైదరాబాద్ విమానాశ్రయానికి వస్తుందన్నారు. బాబ్జీ వ్యాను మాట్లాడాడు. దుర్గారావు, బాబ్జీ, మరో ఇద్దరు వెళ్ళాలి.

బయల్దేరే రోజు పొద్దున్నే రమణమ్మగారు గోడ దాటి వచ్చేరు. ఎవరూ పట్టుకోలేదు, పట్టుకోనివ్వలేదు.

"కుంపటి వెలిగించు. మా ఇంట్లో పొయ్యి ముట్టించకూడదు, మీ ఇంట్లో తప్పు లేదు. అంత దూరం పోతున్నారు. దార్లో ఏం దొరుకుద్దో ఏంటో."

నేను పిండి కలిపాను. కొబ్బరి కోరుతూ, ఏమైనా చదవనా అన్నట్టు అలవాటుగా అల్మారా వైపు చూశానేమో, చూపు లేని ఆవిడకి అదెలా తెలిసిందో నాకు తెలియదు.

"వద్దు తమ్ముడూ. పుస్తకం వద్దు."

నిప్పులు ఎగదోస్తూ కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. మూత మీద బొగ్గు చిటపటమంది. వాసన మారగానే, "దించు" అన్నారు.

మెత్తని ముక్కలు కోసి, అరిటాకుల్లో చుట్టి, డబ్బాలో సర్దాను. గిన్నె అడుగున పెచ్చు మిగిలింది, మాడకుండా, అంచులు లేచి, లీల చేసినప్పటిలా ఎర్రగా. బయట వ్యాను హారన్ కొట్టింది. దుర్గారావు డబ్బా కోసం పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మనిషి సగమైపోయాడు. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"పెచ్చు ఎవరికండీ?" అని అడిగాను.

ఆవిడ పెచ్చుని రెండు చేతుల్తో తీసుకుని, విరగకుండా ఆకులో పెట్టి, మడిచి, గుమ్మం వైపు చాపేరు.

"వాడికియ్యి" అన్నారు. "ఆ రోజు అరుగు మీద వాడు చెప్పింది తప్పే. అయినా పెట్టు."